గోడ తీసేసిన ఇల్లు

అద్దెకి ఇల్లు చూడడానికి వెళ్లి, హాలు మధ్యలో నిలబడిపోయాను. "క్యా హువా, పెద్దమ్మా?" అంది ఝాన్సీ. ఝాన్సీ మా చెల్లెలి కూతురు, గమ్హరియాలో ఒక కంపెనీ ఆఫీసులో పనిచేస్తుంది. నాకు పిల్లలు లేరు. ఆయన పోయాక దేవుడు దాన్ని నా దగ్గరికి పంపాడని అనుకుంటాను. నేను తెలుగులో అడుగుతాను, అది హిందీలో జవాబు చెబుతుంది, మాకు అదే అలవాటైపోయింది. సోనారిలో మేముంటున్న ఇల్లు యజమాని అమ్మేస్తున్నాడు. ఖాళీ చెయ్యక తప్పదు. ఝాన్సీ ఫోనులో వెతికి వెతికి, సాక్చీలోని పాత వీధుల్లో ఈ ఫ్లాటు పట్టింది. బయట పాతకాలపు కట్టడం, లోపలంతా కొత్త అని అందులో రాసి ఉందట. గమ్హరియా బస్సు వీధి చివరే ఎక్కొచ్చని దాని సంబరం దానిది.

ఆటో దిగినప్పుడు నాకేమీ తెలియలేదు. వీధి మారిపోయింది, పేర్లు మారిపోయాయి, చివరనున్న రామ భజన మందిరానికి పాలరాయి వేశారు. గుమ్మం దాటి నాలుగడుగులు వేసి ఎడమకి తిరగ్గానే వంటిల్లు ఉండాలని నా ఒళ్లు అనుకుంది. నేను అనుకోలేదు, ఒళ్లు అనుకుంది. అక్కడ సోఫా ఉంది. సోఫా వెనక, నేల నుంచి పైకప్పు దాకా ఒక ఇటికల పట్టీని పూత లేకుండా వదిలి, పైనుంచి పసుపుపచ్చ లైటు వేశారు. "ఒరిజినల్ ఇటికలు మేడమ్," అన్నారు బ్రోకరు మిశ్రా గారు హిందీలో, ఆ ఇటికల మీద అరచెయ్యి ఆనించి. "రెండు పాత ఇళ్ల మధ్య గోడ ఇది. గోడంతా కొట్టేసి రెండిళ్లూ ఒకటి చేశాం. ఈ ముక్క మాత్రం అందానికి ఉంచాం. వచ్చినవాళ్లంతా ఇక్కడే ఫోటో దిగుతారు." ఆ ఇటికలకి మా పక్కింటి గౌరమ్మ పిన్ని తల తగిలితే ఎలాంటి చప్పుడు వచ్చేదో నాకు తెలుసు. ఆ మాట ఆయనతో ఏమని చెప్పను.

నా చిన్నప్పుడు మేమిక్కడ ఉన్న రోజుల్లో ఇది ఫ్లాటు కాదు, లైను. ఒక సేఠ్ తన దగ్గర పనిచేసే కూలీల కోసం కట్టించిన పెంకుటిళ్ల వరస. ఒక్కో ఇంటికి ఒక గది, ఒక వంటిల్లు, ముందు అందరికీ కలిసి ఒకే అరుగు. శ్రీకాకుళం నుంచి, పలాస నుంచి, ఇచ్ఛాపురం అవతల నుంచి ఈ ఉక్కు కార్ఖానా ఊరికి పనికొచ్చిన మనవాళ్లే అందరూ. మా వంటింటికీ పక్కవాళ్ల వంటింటికీ మధ్య ఒంటి ఇటిక గోడ. మా పొయ్యి గోడకి ఇటువైపు, వాళ్ల పొయ్యి అటువైపు. వాళ్లు ఎండుచేపలు వేయిస్తే మా అన్నానికి ఆ వాసన పట్టేది. మేము చింతపండు పులుసు పెడితే అటునుంచి గౌరమ్మ పిన్ని "ఓలమ్మ, ఉప్పు సాలనేదు, వాసనే సెప్తంది" అని అరిచేది. ఆరేసిన బట్టల మీద కార్ఖానా ఎర్రదుమ్ము పడేది. దులిపి కట్టుకునేవాళ్లం. పొద్దున్న బొగ్గు పొయ్యిలు అరుగు మీద పెట్టి అంటించేవారు. పొగ ఆరేదాకా ఎదుటి మనిషి కనబడేది కాదు. దగ్గు వినిపిస్తే, ఇది ఫలానావాళ్ల దగ్గు అని పోల్చుకునేవాళ్లం.

నాకు చిన్నప్పుడు ఫిట్స్ వచ్చేవి. బళ్లో రెండుసార్లు పడిపోతే, మీ అమ్మాయిని ఇంట్లోనే ఉంచుకోండి అని పంపేశారు. అలా నా చదువంతా మామ్మ దగ్గరే సాగింది. మామ్మ అంటే మా నాయనమ్మ. అడ్డపొగ తాగేది. చుట్ట నిప్పు ఉన్న కొస నోట్లో పెట్టుకుని, అలాగే మాట్లాడుతూ, అలాగే నాకు అక్షరాలు దిద్దించేది. తప్పు రాస్తే చుట్ట నోట్లోంచి తీసేది, అదే నాకు బెదిరింపు. రాముడి కథలు, అమ్మవారి కథలు, గుణింతాలు అన్నీ పొగాకు వాసనతో కలిసి నా తలలోకి ఎక్కాయి. ఇప్పటికీ దండం పెట్టుకునేటప్పుడు ఆ వాసన తగులుతుంది నాకు. బడికి వెళ్లకపోవడం వల్ల ఒక్క హిందీ మాత్రం నాకు రాలేదు. లైనులో మిగతా పిల్లలు హిందీలో తిట్టుకుంటూ ఆడుకుంటుంటే నేను అరుగు మీద కూచుని చూసేదాన్ని. నాకున్నది తెలుగొక్కటే, అదీ మామ్మ తెలుగు.

గౌరమ్మ పిన్ని మొగుడు సింహాచలం. మేము బాబాయి అనేవాళ్లం. కాంట్రాక్టు కూలీలకి సర్దారు, అంటే ఎవరికి పని దొరకాలో, ఎవరిని వెనక్కి పంపాలో ఆయన చెప్పిందే మాట. మా నాయనకి పని పెట్టించింది ఆయనే, ఈ ఇల్లు ఇప్పించింది ఆయనే. పైగా భజన మందిరంలో హార్మోనియం ముందు కూచునేది ఆయనే. ఎంత బాగా పాడేవాడంటే, కళ్లు మూసుకుని వింటే రాముడు అరుగు దాకా వచ్చి నిలబడ్డాడేమో అనిపించేది. నాకు తెలిసిన కీర్తనలు సగం ఆయన గొంతులో విన్నవే. ఆ పాటలు ఇచ్చినందుకు దేవుడికి దండం పెడతాను. ఆ గొంతు ఉన్న మనిషి చేతులు ఏం చేసేవో కూడా నేనే విన్నాను.

మధ్యాహ్నం షిఫ్టు దిగి వచ్చేవాడు. కాళ్లు కడుక్కునేవాడు. అన్నం తినేవాడు. అప్పుడు మొదలయ్యేది. అన్నంలో మట్టిగడ్డ, కూరలో నీళ్లు, వాకిట్లో ఎవడో మగాడి చెప్పులు, ఏదీ లేకపోతే ఏదీ లేనందుకు. ముందు బెల్టు. బెల్టు గాలిలో లేచినప్పుడు ఒక చప్పుడు, ఒంటి మీద పడినప్పుడు ఇంకొకటి, రెంటికీ మధ్య పిన్ని ఊపిరి పీల్చుకున్న చప్పుడు. తర్వాత చేతులు. తర్వాత గోడ. గోడకి తల తగిలితే మా వైపు పొయ్యి మీద గిన్నె మూత అదిరేది. అమ్మ ఆ మూతని చేత్తో పట్టుకునేది. అంతే చేసేది. లైనంతా విన్నదే, లైనంతా ఊరుకున్నదే. "మొగుడూ పెళ్లాల గొడవ" అనేవారు ఆడవాళ్లు, నీళ్ల కుళాయి దగ్గర ఒకరి మొహం ఒకరు చూడకుండా.

అన్నీ అయిపోయాక మామ్మ పచ్చడిబండతో గోడ మీద రెండు దెబ్బలు కొట్టేది. కాసేపటికి అటునుంచి గరిటెతో రెండు దెబ్బలు వినిపించేవి. బతికే ఉన్నానని దానర్థం. అప్పుడే మామ్మ మళ్లీ చుట్ట నోట్లో పెట్టుకునేది.

పిన్ని ఏడుపుగొట్టు మనిషి అనుకునేరు. కాదు. మర్నాడు వాచిన కన్నుతోనే అరుగు మీదికి వచ్చి, "ఏటే రత్నం, నేటేటి సదివినావు?" అనేది. "గుణింతం" అంటే, "నాకూ సెప్పవే, మా ఇంటాయన బెల్టుతో నా ఈపు మీద ఏ అచ్చరం రాసినాడో సూసి సెప్దువు" అనేది. అమ్మ "ఊరుకో గౌరీ" అని కళ్లు తుడుచుకుంటే, "నవ్వకపోతే దవడ పట్టేత్తాది అక్కా" అని మామ్మ వైపు తిరిగేది. "అత్తా, ఆ సుట్ట ఓపాలి ఇటియ్యి. నోరు కాలితే ఈ నొప్పి మర్సిపోతాను." మామ్మ ఇచ్చేది కాదు. పక్కకి జరిగి చోటిచ్చేది.

శ్రీరామనవమి ముందు భజనలు గట్టిగా సాగేవి. ఒక సాయంత్రం బాబాయి పాడుతూ పాడుతూ ఒక చరణం దగ్గర ఆగిపోయాడు, తర్వాతి మాట తట్టలేదు. ఆడవాళ్ల వైపు నుంచి పిన్ని ఆ మాట అందించింది. అందించడమే కాదు, అలవాటులో రాగం కూడా తీసింది. అందరూ నవ్వారు, మంచి నవ్వే. "సర్దారుకి గురువు ఇంట్లోనే ఉన్నాది" అన్నారెవరో. బాబాయి కూడా నవ్వి, అక్కడినుంచి అందుకుని పాట పూర్తిచేశాడు. అమ్మ మాత్రం నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

మర్నాడు మధ్యాహ్నం ఆయన అన్నం కూడా తినలేదు. బెల్టు చప్పుడు రాలేదు. వచ్చిన చప్పుడు వేరు, పొయ్యిలో బొగ్గు కదిపే ఇనుప చువ్వది. అది ఎముక మీద పడితే తడి కట్టె విరిగినట్టు ఉంటుంది. పిన్ని ఎప్పుడూ అరిచేది కాదు. ఆ రోజు ఒకే ఒక్కసారి అరిచింది, ఆ అరుపు సగంలో తెగిపోయింది. తర్వాత గోడ. మూత ఎగిరి కింద పడింది. అమ్మ దాన్ని పట్టుకోలేదు. చాలాసేపయ్యాక తలుపు మూసిన చప్పుడు, తాళం చప్పుడు వినిపించాయి. మామ్మ బండతో రెండు దెబ్బలు కొట్టింది. అటునుంచి ఏమీ రాలేదు. మళ్లీ కొట్టింది. బండ అలాగే పట్టుకుని నేల మీద కూలబడింది మామ్మ.

మర్నాడు పొద్దున్న, పొయ్యిల పొగలో నిలబడి, ఎవరూ అడక్కుండానే బాబాయి చెప్పాడు. "గౌరి ఊరెల్లింది. ఆల సిన్నాన్నకి బాగోనేదంట." ఇంటికి తాళం వేసి పనికి వెళ్లిపోయాడు. ఆమె రైలెక్కగా చూసినవాళ్లు ఎవరూ లేరు. చూశారా అని అడిగినవాళ్లు కూడా లేరు. అమ్మా మామ్మా నీళ్లకి వెళ్లినప్పుడు నేను వంటింట్లో గోడకి చెవి పెట్టాను. కింద, నేలకి దగ్గరగా, గీకుతున్న చప్పుడు. కాసేపు ఆగేది, మళ్లీ గీకేది. మామ్మకి చెప్పాను. మామ్మకి సన్నటి చప్పుళ్లు వినపడవు, గోడకి చెంప ఆనించి నా వైపు చూసింది. అమ్మ ఎలకలంది, గోడ వైపు చూడకుండా. షిఫ్టు దిగి వచ్చిన నాయనకి మామ్మ చెప్పేసింది.

"పొద్దుటినించి ఆ గుంట అంటంది, అటు మనిసి ఉన్నాదని. తలుపు ఇరగ్గొట్రా."

నాయన చొక్కా విప్పుతూ ఆగాడు. "ఇరగ్గొడితే రేపు నాకు పనెవడిత్తాడే అమ్మా? ఈ ఇల్లెవడిత్తాడు? నువ్విత్తావేటి?"

"సచ్చిపోద్దిరా అది."

"ఊరెల్లిందంటన్నాడు కదా."

"నువ్వు నమ్మినావేటి?"

నాయన వెళ్లి అన్నం ముందు కూచున్నాడు. నేను ఆయన్ని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. మా నాయన మంచివాడు. ఆయన చేతుల మీద ఆరుగురం బతుకుతున్నాం, ఆ చేతులకి పనిచ్చేవాడు పక్కింటివాడు. నాకు అర్థమైంది ఒక్కటే. గోడ అవతల పిన్ని చచ్చిపోతోంది, ఇవతల మేము అన్నం తింటున్నాం.

ఆ మధ్యాహ్నమే పిన్ని తమ్ముడు సూరి వచ్చాడు. గమ్హరియాలో ఒక ఫౌండ్రీలో పని, సెలవు దొరికినప్పుడు అక్కని చూడడానికి వచ్చేవాడు. చేతిలో సంచి, అందులో అక్కకిష్టమైన ఎండుచేపలు. బాబాయి అప్పుడే పని దిగి వచ్చి అరుగు మీద కాళ్లు కడుక్కుంటున్నాడు. ఇంటికి తాళం అలాగే ఉంది. మగాళ్లందరూ అరుగు మీదే ఉన్నారు. నాయన మా గుమ్మంలో నా వెనక నిలబడ్డాడు.

"అక్కేది బావా?"

"మీ సిన్నాన్నకి బాగోనేదని కబురొచ్చింది. నిన్ననే ఎల్లిపోనాది."

"నాతో ఒక్క మాట సెప్పకుండానా?"

"ఆడదానికి తొందరెక్కువ. వచ్చినాక నువ్వే అడుగు." మందిరంలో నవ్వినట్టే నవ్వాడు బాబాయి.

సూరి తాళం వైపు చూశాడు. నమ్మాడో లేదో తెలియదు, కానీ అంతమంది మగాళ్లు తల దించుకుని ఉంటే ఇంకేం అడుగుతాడు. సంచి భుజానికి వేసుకుని వెనక్కి తిరిగాడు. పోతూ పోతూ నన్ను చూసి ఆగాడు. నేనంటే ముద్దు అతనికి. "ఏటే పంతులమ్మా, మీ పిన్ని ఎల్లినప్పుడు నాకేటైనా సెప్పమన్నాదా?"

నాకు ఏడుపొచ్చేసింది. అప్పుడు నాయన చెయ్యి నా భుజం మీద పడి గట్టిగా నొక్కింది. పళ్ల సందులోంచి, పెదాలు కదలకుండా, ఒక్క మాట అన్నాడు. మా వాళ్లలో పెద్దవాళ్ల నోట్లో చ ఎప్పుడూ స అయిపోయేది. చెప్పు అనాలంటే సెప్పు. కార్ఖానాలో ఫోర్‌మన్లు నోరు మూసుకోమని అరిచే హిందీ మాట చుప్, అది మా నాయన నోట్లో సుప్పు. ఇంట్లో ఆయన హిందీ మాట్లాడేవాడు కాదు, భయమేసినప్పుడు మాత్రం పని దగ్గరి మాటే ముందొచ్చేది. హిందీ రాని నాకు అది సెప్పు అనే తెలుగు మాటగానే వినబడింది. నాయన చెప్పమన్నాడు. ఎంత సంతోషమేసిందో నాకు. ఏడుపు ఆగిపోయింది.

"పిన్ని ఊరెల్లనేదు. ఇంట్లోనే ఉన్నాది. గోడ గీకతంది," అన్నాను గట్టిగా, అరుగంతా వినబడేలా.

నాయన చెయ్యి నా భుజం మీంచి జారిపోయింది.

"ఫిట్సు గుంట మాట," అన్నాడు బాబాయి, ఇంకా నవ్వుతూనే. "దానికి సెవుల్లో ఏటేటో వినిపిత్తాయి." అంటూనే నా వైపు వచ్చాడు, తడి కాళ్లతో. ఆయన చెయ్యి లేచింది. ఆ దెబ్బ తగిలుంటే ఏమయ్యేదో గాని, మామ్మ నా పక్కనుంచి వచ్చి, నోట్లోంచి చుట్ట తీసి, ఆ నిప్పుకొసని ఆయన అరచేతిలో అదిమి తిప్పింది. చర్మం కాలిన వాసన వచ్చింది. ఆయన మామ్మని ఒక్క తోపు తోశాడు, మామ్మ గుమ్మానికి కొట్టుకుని పడింది. అప్పటికి సూరి సంచి నేల మీద ఉంది. ఎండుచేపలు అరుగంతా చెదిరాయి, వాటిని తొక్కుకుంటూనే ఇద్దరూ కలబడ్డారు. సూరి చిన్నవాడు, సన్నంగా ఉంటాడు. కానీ రోజూ కొలిమి దగ్గర నిలబడేవాడు. తలతో బాబాయి మొహం మీద కొట్టాడు, ముక్కు చితికింది. భజన బృందంలో ఇద్దరు సూరిని వెనకనుంచి పట్టుకున్నారు. పట్టుకోగానే బాబాయి అతని కడుపులో తన్నాడు, పడ్డాక కూడా తన్నాడు. సూరి నోట్లోంచి నెత్తురు అరుగు మీద పడింది. ఎవరో ఆడమనిషి "ఒగ్గేయండ్రా, సంపేత్తారు" అంటోంది. ఎవరూ వదల్లేదు.

ఆ గొడవలో ఒక చప్పుడు మాత్రం వేరుగా వినబడింది. ఇనుము మీద ఇనుము. నాయన మా బొగ్గులు పగలగొట్టే సుత్తి పట్టుకుని పక్కింటి తాళాన్ని కొడుతున్నాడు. ఎవడో వచ్చి చొక్కా పట్టి లాగితే, సుత్తి తిప్పి వాడి మోచేతి మీద ఒక్కటిచ్చి, మళ్లీ తాళం మీదికి తిరిగాడు. బాబాయి వచ్చి నాయన చెవి దగ్గర పిడికిలితో కొట్టాడు. నాయన పెదవి చీలింది, ఒక పన్ను ఊడింది, అయినా సుత్తి వదల్లేదు. తాళం ఊడింది.

పిన్ని వంటింట్లో, బొగ్గుల మూల, గోడకి అతుక్కుని ఉంది. కాళ్లు చీరకొంగుతో కట్టేసి ఉన్నాయి. నోట్లో గుడ్డ. దవడ పక్కకి వేలాడుతోంది. ఒక చెయ్యి మోచేతి దగ్గర వంగకూడని వైపు వంగి ఉంది. రెండో చేతి గోళ్లు లేవు. గోడ మీద ఇటిక గీసుకుపోయి, మట్టిలో కలిసిన నెత్తురు నల్లగా ఎండి ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి. అమ్మ ఆ గుడ్డ తీసింది. లైనులో ఆడవాళ్లంతా ఒక్కసారి ఏడ్చారు, అన్నాళ్లూ ఏడవనిది అప్పుడే ఏడ్చినట్టు. రిక్షాలో పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకుపోయారు. సూరి, అంత నెత్తురు కక్కుతూనే, రిక్షా పట్టుకుని పరిగెత్తాడు.

పోలీసులు వచ్చారు, వెళ్లారు. పండగ నాటికి బాబాయి మళ్లీ హార్మోనియం ముందు కూచున్నాడు, చేతికి కట్టు కట్టుకుని. నాయనకి మాత్రం మర్నాటి నుంచి పని లేదు. ఇల్లు ఖాళీ చెయ్యమన్నారు. సామాను సర్దుతూ నాయన నన్ను పిలిచాడు. పెదవి వాచి ఉంది, మాట సరిగా రావడం లేదు.

"నేనేటన్నాను, నువ్వేటి సేసినావే?"

"సెప్పు అన్నావు కదా నాయనా."

"సుప్పు అన్నానే. సుప్పు. నోరు ముయ్యమని."

"సెప్పు అనే వినపడింది."

చెయ్యి ఎత్తాడు. మూలన, నడుం విరిగి పడుకుని ఉన్న మామ్మ నవ్వడం మొదలుపెట్టింది. నవ్వితే నడుం నొప్పి, నొప్పికి మూలుగు, మళ్లీ నవ్వు. "ఒరే, నీ నోటికి తిన్నగా సెడ్డ మాట కూడా రాదేట్రా," అంది. నాయన ఎత్తిన చెయ్యి నా నెత్తి మీద పెట్టాడు. నెత్తి మీద పెట్టి, పన్ను ఊడిన సందులోంచి ఆయనా నవ్వాడు, నవ్వుతూ నవ్వుతూ ఏడ్చాడు. నది దాటి మాంగో అనే పేటలో ఒక రేకుల గదిలో చేరాం. అక్కడ నాయన బజారులో బస్తాలు మోశాడు. చాలాకాలం మా ఇంట్లో ఒక పూట అన్నమే ఉండేది. అయినా ఒక్కరోజు కూడా ఆయన నన్ను ఆ మాట మళ్లీ అనలేదు.

పిన్ని బతికింది. తమ్ముడి దగ్గరే, గమ్హరియాలో, ఒక క్యాంటీనులో వంట చేసింది. దవడ వంకరగానే అతుక్కుంది, చెయ్యి పూర్తిగా చాచేది కాదు. నా పెళ్లికి వచ్చి, ఆ వంకర నోటితోనే, ఆనాటి భజన పాటే, ఆగకుండా చివరిదాకా పాడింది. పాడి, మా ఆయనతో అంది, "ఈ గుంటకి హిందీ రాకపోబట్టి నేను బతికినాను బాబూ. నువ్వు దీనికి హిందీ నేర్పీకు." తర్వాత నేను హిందీ నేర్చుకున్నాను లెండి, బతకాలి కదా. కానీ ఆ రోజు నా చెవిలో ఆ మాటని మార్చి వేసింది రాముడేనని నా నమ్మకం. ఆయనకి అలాంటి చిలిపి పనులు అలవాటే. మామ్మ అలాగే చెప్పింది నాకు.

"పెద్దమ్మా, ఠీక్ హై న?" అని ఝాన్సీ మళ్లీ అడిగేసరికి ఈ హాల్లోకి వచ్చాను. మిశ్రా గారు పడకగది చూపించడానికి తీసుకెళ్లారు. గది అవతలి గోడ పక్క ఫ్లాటుది. ఆయన దాని మీద వేళ్లతో కొట్టి, "లోపల మెత్తటి పలకలు వేయించాం. పక్కవాళ్ల టీవీ, గొడవ, ఏదీ వినబడదు. మీది వాళ్లకీ వినబడదు. పూర్తి ప్రైవసీ," అన్నారు. నేనూ కొట్టి చూశాను. దిండు మీద కొట్టినట్టుంది. చెవి పెట్టాను. నా చెవిలో నా నెత్తురు పారే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

ఇప్పటి ఇళ్లు మంచివే. బొగ్గు పొగ లేదు, కుళాయి దగ్గర కొట్లాట లేదు, ఎవరి అన్నానికీ ఎవరి కూర వాసనా పట్టదు. ఝాన్సీ తలుపేసుకుని ప్రశాంతంగా పనిచేసుకోగలదు. ఇవన్నీ దేవుడిచ్చినవే, కాదనను. ఆ రోజుల్లో గోడ పలచన కాబట్టి మనుషులు మంచివాళ్లని కూడా అనను. అంతమంది విన్నాం, అన్నాళ్లు ఊరుకున్నాం. కానీ విన్నాం కాబట్టే ఒకరోజు ఎవరి నోటనో, ఎంత పొరపాటునైనా సరే, నిజం బయటికి వచ్చింది. ఈ మెత్తటి గోడ అవతల ఎవరైనా గీకితే ఏ పిల్ల చెవికి అందుతుంది? ఆ ఇల్లు వద్దని చెప్పడానికి నోరు తెరిచాను. అప్పుడే అనిపించింది, నేను తీసుకోకపోతే ఇంకొకరు తీసుకుంటారు, గోడ మాత్రం అదే. "తీసుకుందాం," అన్నాను.

చేరిన వారం, పులిహోర కలిపి, గిన్నెలో పెట్టుకుని పక్క ఫ్లాటు బెల్లు నొక్కాను. ఆ ఇంట్లో ఒక జంట ఉంటారని వాచ్‌మన్ చెప్పాడు. ఝాన్సీ వెనకనుంచి "ఐసే నహీఁ జాతే, పెద్దమ్మా" అని గొణుగుతోంది, ఇలా ఎవరింటికీ పోకూడదట ఇప్పుడు. తలుపు గొలుసు ఊడకుండానే బెత్తెడు తెరుచుకుంది. ఇరవై అయిదేళ్ల అమ్మాయి. జుట్టు విరబోసుకుని ఉంది, మొహం సగమే కనబడుతోంది.

"పని ఉందా ఆంటీ?" అంది హిందీలో. "గ్రూపులో మెసేజ్ పెట్టండి, నేను చూస్తాను."

"పనేమీ లేదమ్మా," అన్నాను నాకొచ్చిన హిందీలో. "పక్కింట్లో దిగాం. మెసేజిలో గొంతు వినపడదు కదా, నీ గొంతు ఎలా ఉంటుందో విందామని వచ్చాను. రోజూ వస్తాను, విసుక్కోకు."

ఆ అమ్మాయి నన్ను చాలాసేపు చూసింది. నా వెనకనున్న ఝాన్సీని చూసింది. నా చేతిలో గిన్నెని చూసింది. తర్వాత తలుపు మూసింది. ఝాన్సీ నిట్టూర్చి వెనక్కి తిరిగింది, నేను మాత్రం అక్కడే నిలబడ్డాను. లోపల గొలుసు తీసిన చప్పుడైంది.